కాటన్ దొర దిమ్మెకు కొత్త రాయి: దాని మీద ఏమి రాయాలి?

లాకుల వీధి | శనివారం, రాత్రి 9:12
మాది గోదావరి మధ్య డెల్టాలో ఒక చిన్న పట్టణం. మెయిన్ రోడ్డు, కాలువ గట్టు రోడ్డు కలిసేచోట గాంధీ, అంబేడ్కర్, గుర్రం మీద కాటన్ దొర విగ్రహాలు ఉన్నాయి. ఈమధ్య రోడ్డు వెడల్పు చేసినప్పుడు కాటన్ దిమ్మెకున్న రాయి పగిలిపోయింది. రైతులు చందాలు వేసుకుని కొత్త రాయి చేయిస్తున్నారు. రాత పని మాత్రం నా నెత్తిన పెట్టారు.

పాత రాయిలో ఏముందో చూద్దామని ముక్కలన్నీ పక్కపక్కన పేర్చి చదివాను. పైన "సర్ ఆర్థర్ కాటన్" అని ఒక వరస. దాని కింద ఆవిష్కరించిన వారు, అధ్యక్షత వహించిన వారు, ముఖ్య అతిథి, గౌరవ అతిథులు, విరాళాలిచ్చిన వారు, చివర గుత్తేదారు. గుర్రం మీద ఉన్నాయన ఎవరో, ఈ ఊరికి ఏం చేశాడో ఒక్క ముక్క లేదు.

కొత్త రాయి మీద ఎనిమిది వరసలకు మించి పట్టవట. ఏమి రాయమంటారు? మీ ఊళ్లలో రాళ్ల మీద ఏమి రాసి ఉందో కూడా చెప్పండి.

పడమటి కాలువ | శనివారం, రాత్రి 9:40
మా ఊరి సెంటర్లో రాయి చదివితే ఆ ఏడాది మంత్రివర్గం మొత్తం కంఠతా వస్తుంది. విగ్రహంలో ఉన్నాయన పేరు కోసం మాత్రం కింద కొట్టు అతన్ని అడగాలి.

పాత గెజెటీరు | శనివారం, రాత్రి 10:25
లాకుల వీధి గారూ, ముందుగా "అపర భగీరథుడు", "డెల్టా శిల్పి" లాంటి బిరుదులన్నీ పక్కన పెట్టండి. అవి చదివిన పిల్లవాడికి ఏమీ తెలియదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆయన కట్టించిన ఆనకట్టకు ముందు ఈ నేల ఎలా ఉండేదో చెబితే, ఆ మనిషికి ఇక్కడ విగ్రహం ఎందుకు పెట్టారో వాడికే అర్థమవుతుంది.

పాత లెక్కల ప్రకారం గోదావరి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో ప్రతి నలుగురిలో ఒకరు లేకుండా పోయారన్నమాట. 1833 నాటి కరువు కొందరిని తీసుకుపోయింది, కొందరు ఊళ్లు వదిలి వెళ్లారు. 1839లో కోరంగి దగ్గర ఉప్పెన వచ్చింది. ఏటా లక్షల ఎకరాల పక్కనుంచే నీరు సముద్రంలోకి పోయేది. వరదొస్తే పొలం మునగడం, వరద రాకపోతే ఎండిపోవడం, ఈ రెండే ఉండేవి.

కాటన్ 1803 మే 15న పుట్టాడు. పద్దెనిమిదేళ్లకే మద్రాసు వచ్చాడు. కావేరి మీద చోళుల నాటి ఆనకట్ట కల్లణను చూసి, ఇసుక నేల మీద ఆనకట్ట ఎలా నిలుస్తుందో అక్కడ నేర్చుకున్నాడు. 1844లో గోదావరిని పరిశీలించి ఈస్టిండియా కంపెనీకి నివేదిక పంపాడు. 1847లో పని మొదలైంది, 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, లంకలను ఆసరా చేసుకుని కట్టారు. ఆ కల్లణ సంగతి రాయి మీద ఒక్క వరసలో ఉంటే నాకు చాలా సంతోషం. దొర ఇక్కడికొచ్చి మనకు నేర్పాడని అందరూ అంటారు కదా, ఆయన నేర్చుకున్నది మన దక్షిణాది రాజుల కట్టడం దగ్గరే.

కొబ్బరి తోట | ఆదివారం, ఉదయం 6:05
గెజెటీరు మాస్టారి లెక్కలతో నాకు పేచీ లేదు. కానీ ఆనకట్టను కంపెనీ దానంగా ఇచ్చినట్టు మాట్లాడుకోవడం మానాలి. నీరు పారితే శిస్తు పెరుగుతుందని లెక్క చూపించాకే లండన్ ఒప్పుకుంది. పెట్టిన డబ్బు ఎన్నో రెట్లు తిరిగి రాబట్టుకుంది కూడా. కరువు వచ్చినప్పుడు శిస్తు వసూలు చేసింది ఎవరు? ఆ కంపెనీయే. దొర గుర్రం ఎక్కి కూర్చుంటే, కింద రాళ్లు మోసినవాళ్లు ఏరీ?

ఇంకో మాట. వీణెం వీరన్న గారి పేరు లేకుండా ఆ రాయి వేయకండి. కూలీలను కూడగట్టి, సామగ్రి సమకూర్చి, పని ఆగకుండా చూసింది ఆయన. ఆ సేవకే రాయ్ బహదూర్ బిరుదు వచ్చింది. డెల్టాలో కాటన్ విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి. వీరన్న విగ్రహం ఉన్న ఊరు ఎక్కడుందో ఎవరైనా చెప్పండి.

పాత గెజెటీరు | ఆదివారం, ఉదయం 7:18
కొబ్బరి తోట గారూ, శిస్తు లెక్క నిజమే. అయితే ఆ లెక్క చూపించకుండా అనుమతి తెచ్చుకునే దారి ఆయనకు లేదు. రైలు మార్గాల కంటే కాలువల మీద ఖర్చు పెట్టండని జీవితాంతం ప్రభుత్వంతో వాదించి, తన వాళ్లలోనే చాలామందికి కంటగింపు అయిన మనిషి ఆయన. కంపెనీకీ కాటన్‌కీ మధ్య ఆ మాత్రం తేడా చూడాలి. వీరన్న గారి విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను.

కొబ్బరి తోట | ఆదివారం, ఉదయం 7:31
తేడా చూస్తాను మాస్టారూ. కానీ చందాలిచ్చిన రైతులు చూడరు. గోదావరి స్నాన సంకల్పంలో ఆయన పేరు చేర్చి శ్లోకం చదివే పురోహితులున్న ప్రాంతం మనది. దేవుణ్ణి చేశాక ఇక ప్రశ్న అడగలేం. నా బాధ అదే.

గౌతమి గట్టు | ఆదివారం, ఉదయం 8:50
రాజమహేంద్రవరం నుంచి.

మా ఊళ్లో విగ్రహాలకు కొదవ లేదు. కానీ ఈ ఊరి అసలు స్మారకాలు వేరే ఉన్నాయని నా అభిప్రాయం. వీరేశలింగం గారు 1890లో సొంత డబ్బుతో టౌన్‌హాలు కట్టించారు. ఊళ్లో వాళ్లు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చోటు ఉండాలని కట్టిన హాలు అది. సభలు, నాటకాలు, తగాదాలు అన్నీ అందులో జరిగాయి. ఇంతకన్నా మంచి విగ్రహం ఆయనకు ఎవరు పెట్టగలరు? 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఈ ఊరే ఆయన్ను వెలివేసింది. అదే ఊరు ఇప్పుడు జయంతికీ వర్ధంతికీ దండలు వేస్తోంది. దండలు వేయనివ్వండి, తప్పులేదు. కానీ వెలి సంగతి కూడా దిమ్మె మీద రాస్తే ఆ దండకు విలువ పెరుగుతుంది.

ఇంకొకటి, పాల్ చౌక్. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ వచ్చి ఇక్కడ ప్రసంగించారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు వాటిని వెంటవెంటనే తెలుగులో చెప్పారు. చిలకమర్తికి చూపు సరిగా ఆనేది కాదు. వక్త బెంగాలీ, మాట్లాడింది ఇంగ్లీషు, జనం తెలుగువాళ్లు, మైకులు లేని కాలం. ఆ సాయంత్రాలను ఊహించండి. ఆ ఊపులోనే వందేమాతరం బిళ్లలు పెట్టుకున్న విద్యార్థుల మీద ఇక్కడి కాలేజీలో చర్యలు తీసుకున్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి చదువు అక్కడితో ఆగిపోయింది. ఇంత కథ ఆ చౌక్ అన్న పేరులో ఉంది. ఆటో ఎక్కినవాడికి అది ఒక స్టాపు, అంతే. నాలుగు వరసల రాయి ఒకటి చాలు, అక్కడ నిలబడినవాడికి ఒళ్లు జలదరిస్తుంది.

పడమటి కాలువ | ఆదివారం, ఉదయం 9:15
హేవలాక్ వంతెన కూడా చేర్చండి గౌతమి గారూ. 1900 నుంచి 1997 దాకా రైళ్లు నడిచిన వంతెన, 56 ఖానాలు. మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. ఆ గవర్నరు మొహం ఎలా ఉంటుందో మనలో ఎవరికీ తెలియదు. పేరు మాత్రం ఇప్పటికీ అందరి నోటా ఉంది.

పి. గన్నవరం వాడు | ఆదివారం, ఉదయం 10:02
వాడుకలో ఉన్న స్మారకం కావాలంటే మా ఊరు రండి. వైనతేయ మీద పాత అక్విడెక్టు 49 ఖానాలతో ఉంటుంది. కింద నది, పైన కాలువ. కాటన్ కాలంలో హేగ్ అనే ఇంజనీరు కట్టించాడు. కాలువ నీరు నదిని దాటి అవతలి లంకలకు వెళ్లడం మొదటిసారి చూసిన పిల్లలు నోరు తెరుచుకుని నిలబడిపోతారు. అది పాతబడ్డాక పక్కన కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1841లో పుట్టి, 1909లో పోయేదాకా వచ్చినవాడికి లేదనకుండా అన్నం పెట్టిన తల్లి. వరద రోజుల్లో లంకల్లో చిక్కుకున్నవాళ్లకు పడవల మీద అన్నం పంపేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అన్నం పెట్టినావిడ పేరు పొలాలకు నీళ్లు తీసుకుపోయే కట్టడానికి పెట్టారు. ఎవరికి తట్టిందో కానీ దండం పెట్టాలి.

జగన్నాథపురం వంతెన | ఆదివారం, ఉదయం 11:30
సీతమ్మ గారి ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మీ మీ కూడళ్లలో ఆడవాళ్ల విగ్రహాలు ఉన్నాయా? దేవతలను, తెలుగుతల్లిని లెక్కలోకి తీసుకోకండి.

మా కాకినాడలో 1923లో కాంగ్రెస్ మహాసభ జరిగింది. పక్కన ఖాదీ ప్రదర్శన పెట్టారు. టిక్కెట్టు లేనివాళ్లను లోపలికి పంపవద్దని వాలంటీర్లకు చెప్పారు. పద్నాలుగేళ్ల దుర్గాబాయి గుమ్మం దగ్గర కాపలా. నెహ్రూ వచ్చారు, చేతిలో టిక్కెట్టు లేదు. ఆ అమ్మాయి ఆపేసింది. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి టిక్కెట్టు కొని ఇచ్చాకే వదిలింది. ఆమే తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది. నాకే గనుక అధికారం ఉంటే, చెయ్యి అడ్డం పెట్టి నిలబడిన ఆ పిల్ల విగ్రహం పెట్టిస్తాను. ప్రతి విగ్రహం చెయ్యి పైకెత్తి దారి చూపిస్తూనే ఉండాలా?

ఫెర్రీ రోడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 1:20
జగన్నాథపురం గారూ, మీ చివరి మాటకు పగలబడి నవ్వాను.

మాది యానాం. మా తలనొప్పి వేరు. మా ఊరికి స్వాతంత్ర్యం ఏ రోజు వచ్చిందో రాయి మీద రాయాలంటే ముగ్గురు మూడు తేదీలు చెబుతారు. దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో జనం యానాన్ని చేతిలోకి తీసుకున్నది 1954 జూన్ 13న. ఫ్రాన్స్ పాలన అప్పగించింది అదే ఏడాది నవంబరు 1న. చట్టరీత్యా పూర్తిగా బదిలీ అయింది 1962 ఆగస్టు 16న. ఆగస్టు 15 ఎలాగూ ఉంది. ఏడాదికి నాలుగుసార్లు జెండా కట్టుకునే అదృష్టం మాది. నా ఓటు జూన్ 13కే. తక్కిన రెండూ కాగితాల మీద జరిగాయి, అది వీధిలో జరిగింది.

మోడరేటర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:00
ఇప్పుడున్న పార్టీల నాయకుల విగ్రహాల గురించి వచ్చిన మూడు వ్యాఖ్యలు తొలగించాను. చర్చ బాగా సాగుతోంది, చెడగొట్టకండి.

ఉండి రోడ్డు | ఆదివారం, సాయంత్రం 4:45
భీమవరంలో 2022 జూలై 4న ప్రధాని ఆవిష్కరించిన అల్లూరి సీతారామరాజు విగ్రహం అందరూ టీవీలో చూసే ఉంటారు. 30 అడుగుల కంచు విగ్రహం. బంధువులు వచ్చినప్పుడు తీసుకెళ్లి చూపిస్తాను, చూడముచ్చటగా ఉంటుంది.

ఒక లోటు మాత్రం మనసులో ఉండిపోయింది. అల్లూరి పుట్టింది పాండ్రంగిలో. పూర్వీకుల ఊరు మా పక్కనున్న మోగల్లు కాబట్టి మాకు ఆ గర్వం ఉంది. కానీ ఆయన పోరాడింది మన్యంలో. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడినప్పుడు వెంట ఉన్నది డెల్టా వాళ్లు కాదు, కొండవాళ్లు. గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు ఎన్ని దిమ్మెల మీద ఉన్నాయి? మల్లుదొర జైలు నుంచి బయటికొచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ సంగతి చెబితే మా అబ్బాయి నమ్మలేదు. కొబ్బరి తోట గారు వీరన్న గురించి అడిగిందీ నేను అడుగుతున్నదీ ఒకటే ప్రశ్న.

కొబ్బరి తోట | ఆదివారం, సాయంత్రం 5:02
మంచి మాట అన్నారు ఉండి రోడ్డు గారూ.

కొత్తపేట మట్టి | ఆదివారం, రాత్రి 8:30
మా కొత్తపేట శిల్పశాలల్లో పని చేసిన అనుభవం కొంత ఉంది. డెల్టాలోనే కాదు, రాష్ట్రమంతటా కూడళ్లలో నిలబడినవాళ్లలో చాలామంది మా ఊళ్లో తయారైనవాళ్లే. అందుకని రాత సంగతి మీకు వదిలేసి పని సంగతి చెబుతాను.

ముందు ఫోటో చూసి బంకమట్టితో నమూనా చేస్తాం. ఇంటివాళ్లో కమిటీవాళ్లో వచ్చి చూసి "ముక్కు కొంచెం తగ్గించండి" అంటారు. ఆ తర్వాత ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ఫైబర్ గానీ కంచు గానీ పోస్తాం. కంచుకు డబ్బు చాలక ఊళ్లలో ఎక్కువగా ఫైబర్ పెట్టి బంగారు రంగు కొడతారు. ఏటా జయంతికి ముందు రంగు మీద రంగు వేస్తూ పోతే పదేళ్లకు కళ్లూ పెదవులూ పూడిపోతాయి. ఏ విగ్రహం చూసినా ఒకే మొహంలా కనిపించడానికి కారణం అదే, మేం కాదు. కొత్త రంగు వేసేముందు పాతది గీకించండి. గుర్రం విగ్రహమైతే పొట్ట కింద నీరు పోయే రంధ్రం మూసుకుపోకుండా చూడండి. లోపల ఇనుప చట్రం తుప్పు పడితే గాలివానకు నిలబడదు.

ఇక రాయి. నల్ల గ్రానైటు మీద పెయింటుతో రాయించవద్దు, చెక్కించండి. తెలుగుకు వరసల మధ్య జాగా ఎక్కువ వదలాలి. మన వత్తులు కిందికి దిగుతాయి, పై వరస వత్తు కింది వరస గుడికి తగిలితే చదవలేం. "కృష్ణ"లో ణ వత్తు పక్క వరసలోకి జారి పేరే మారిపోయిన రాళ్లు చూశాను. ఎనిమిది వరసలన్నారు, ఆరు చేసుకోండి. రాయి ట్రాఫిక్ వైపు కాదు, మనిషి నిలబడగలిగే వైపు, చూపు ఎత్తులో ఉండాలి. బస్సులో పోయేవాడు ఎలాగూ చదవడు.

పడమటి కాలువ | ఆదివారం, రాత్రి 8:52
ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ముసుగు వేయడానికి వీలుగా కూడా చేయండి శిల్పి గారూ. మా సెంటర్లో నాయకులు అయిదేళ్లకోసారి గోనెసంచుల్లో తపస్సు చేస్తారు.

సర్వే రాయి | ఆదివారం, రాత్రి 9:20
ఒక జాగ్రత్త. రోడ్లు, కాలిబాటల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. మీది ఉన్న విగ్రహానికి రాయి మార్చడమే కాబట్టి ఆ చిక్కు రాకపోవచ్చు. అయినా దిమ్మె పెంచకండి, చుట్టూ గొలుసులు కట్టకండి, పురపాలక కార్యాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. వీరన్న గారికి విగ్రహం అని ఉత్సాహపడుతున్నవాళ్లు కూడా స్థలం రోడ్డు మార్జిన్లో కాకుండా చూసుకోవాలి. లాకుల దగ్గర, పార్కులో, బడి ఆవరణలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

లాకుల వీధి | సోమవారం, రాత్రి 9:05
అందరికీ నమస్కారం. మీ మాటలన్నీ చదివి ఈ ఆరు వరసలు రాశాను.

సర్ ఆర్థర్ కాటన్, 1803–1899.
1833 కరువుకు, 1839 ఉప్పెనకు ఈ సీమలో ఊళ్లు ఖాళీ అయ్యాయి.
కావేరి కల్లణను చూసి నేర్చిన విద్యతో 1847–1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టించారు.
పని నడిపించినవారు వీణెం వీరన్న. రాయి మోసినవారు వేలమంది కూలీలు.
కంపెనీకి శిస్తు పెరిగింది. రైతుకు పంట నిలిచింది.
ఈ కాలువ నీరు ఇప్పుడు ఆ చోట కట్టిన కాటన్ బ్యారేజి నుంచి వస్తోంది.

సాయంత్రం రైతులకు చదివి వినిపించాను. శిస్తు వరస దగ్గర ఒక పెద్దాయన "దొర మీద నింద ఎందుకు బాబూ" అన్నారు. పక్కనున్న కౌలు రైతు "నిజమే కదండీ, ఉండనివ్వండి" అన్నాడు. అరగంట వాదన జరిగింది. చివరికి ఉంచారు.

పాత గెజెటీరు | సోమవారం, రాత్రి 9:48
బాగుంది. రెండో వరసలో "1839 ఉప్పెన" ముందు "కోరంగి" చేర్చండి. ఆ దెబ్బ పడింది తీరం మీద. జాగా లేకపోతే "ఈ సీమలో" తీసేయండి.

కొబ్బరి తోట | సోమవారం, రాత్రి 9:55
అయిదో వరస నిలిచిందంటే చాలు, చందా నేను కూడా పంపుతాను. వీరన్న గారి పేరు కాటన్ పేరంత పెద్ద అక్షరాల్లో వేయించగలరా?

లాకుల వీధి | సోమవారం, రాత్రి 10:10
అంత పెద్దగా కుదరదండి, మిగతా వరసల కొలతలోనే వస్తుంది. మాస్టారి సవరణ చేశాను.

అసలు గొడవ ఇప్పుడు మొదలైంది. ఆవిష్కరించేవారి పేరు ఎక్కడ వేస్తారని వార్డు పెద్దలు అడుగుతున్నారు. రాయి మీద చోటు లేదంటే మొహం ముడుచుకున్నారు.

కొత్తపేట మట్టి | సోమవారం, రాత్రి 10:22
దిమ్మె వెనకవైపు ఇంకో చిన్న రాయి వేయించండి. పేర్లు, తేదీ, చందాదారులు అందరూ అక్కడికి. చాలా ఊళ్లకు ఈ ఉపాయమే చెప్పాను, ఎవరూ అలగలేదు. వెనకవైపు కూడా ఫోటోలు దిగడానికి జాగా ఉందో లేదో ముందు చూసుకోండి.

లాకుల వీధి | మంగళవారం, ఉదయం 6:40
ఉందట. కాకపోతే అక్కడ కొబ్బరి బొండాల బండి ఉంది. బండి అతను ఆవిష్కరణ రోజు ఒక్క పూట జరుపుతానన్నాడు, తన పేరు కూడా చందాదారుల్లో వేస్తే.